ఇల్లు దొరికింది, గది దొరకలేదు

"లింకు పంపించాను, చూశారా?"

"తెరిచానండీ. ఇందులో ఎక్కడ చూడాలి?"

"కొంచెం కిందికి రండి. ఇంకా కిందికి. 'మినహాయింపులు' అని ఒక శీర్షిక ఉంటుంది."

"ఆ పేరుతో రెండు ఉన్నాయి."

"రెండోది."

"రెండోదాని కింద మీరు చెప్పింది ఏమీ లేదండీ."

"అయితే మొదటిదే అయి ఉంటుంది. ఉండండి, నేనూ తెరుస్తాను."

పొడవైన పత్రాలతో రోజూ కుస్తీ పట్టేవారికి ఇలాంటి సంభాషణ కొత్త కాదు. ఇక్కడ లింకు చెడిపోలేదు, పేజీ తెరుచుకోకుండా మొరాయించలేదు. ఇల్లు దొరికింది, గది దొరకలేదు, అంతే. పేజీకి లింకు ఇవ్వడం అందరికీ తెలుసు. పేజీలోని ఫలానా భాగానికి సూటిగా లింకు ఇవ్వవచ్చన్న సంగతి చాలామందికి లీలగా తెలుసు. అది ఎలా పనిచేస్తుందో, ఒకరోజు చెప్పాపెట్టకుండా ఎందుకు పనిచేయడం మానేస్తుందో మాత్రం ఆ పత్రాలు తయారుచేసేవాళ్లు కూడా పెద్దగా పట్టించుకోరు. మాన్యువళ్లు రాయడం, ఇతరులు రాసినవి సరిదిద్దడం నా పని కాబట్టి ఈ తంటా నాకు కాస్త దగ్గరిది.

హ్యాష్ వెనుక ఉన్న మాట

వెబ్ చిరునామా చివర అప్పుడప్పుడు # (హ్యాష్) గుర్తు, దాని తర్వాత ఒక మాట కనిపిస్తాయి. ఆ మాటే గది నంబరు. ఈ పోలిక నా సొంతం కాదు. వెబ్‌ను రూపొందించిన టిమ్ బెర్నర్స్-లీ ఈ గుర్తునే ఎందుకు ఎంచుకున్నారో స్వయంగా వివరించారు. అమెరికాలో ఉత్తరం మీద చిరునామా రాసేటప్పుడు భవనం నంబరు, వీధి పేరు రాశాక # పెట్టి లోపలి ఫ్లాట్ నంబరు రాయడం అలవాటు. భవనం ఇది, అందులో వాటా ఇది అని. పేజీకీ అందులోని భాగానికీ ఉన్న సంబంధం కూడా అలాంటిదే కాబట్టి ఆ గుర్తు సహజంగా తోచిందని ఆయన చెప్పారు.

తలుపు మీద నంబరు వేయడం పేజీ రాసేవాళ్ల పని. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌లో ఏ శీర్షికకైనా, పేరాకైనా, పట్టికకైనా ఒక ఐడీ, అంటే గుర్తింపు పేరు, ఇవ్వవచ్చు. తొలినాళ్లలో ఇందుకు 'యాంకర్' అనే ప్రత్యేకమైన ట్యాగు వాడేవారు. యాంకర్ అంటే లంగరు. లింకు ఎక్కడి నుంచి వచ్చినా ఇక్కడ ఆగాలి అని పేజీలో లంగరు దించడమన్న మాట. ఇప్పుడు ఆ ట్యాగు అవసరం లేదు, ఐడీ చాలు. పేరు మాత్రం నిలిచిపోయింది. ఇప్పటికీ వీటిని యాంకర్ లింకులనే అంటారు.

అసలు విషయం ఇక్కడి నుంచి మొదలవుతుంది. మీరు లింకు నొక్కగానే బ్రౌజర్ సర్వర్‌ను, అంటే పేజీ ఉన్న కంప్యూటర్‌ను, పేజీ అడుగుతుంది. అడిగేటప్పుడు # నుంచి చివరి దాకా ఉన్న భాగాన్ని తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. సర్వర్‌కు అది చేరదు. సర్వర్ మొత్తం పేజీని పంపేస్తుంది. ఆ తర్వాతే బ్రౌజర్ జేబులోంచి చీటీ తీసి, ఆ పేరున్న లంగరు పేజీలో ఎక్కడుందో వెతుకుతుంది. దొరికితే అక్కడికి జరుపుతుంది. దొరక్కపోతే పేజీ మొదట్లోనే నిలబెడుతుంది. ఒక్క మాట కూడా చెప్పదు.

ఆ మౌనమే మొత్తం చిక్కుకు మూలం. పేజీయే లేకపోతే సర్వర్ 404, అంటే పేజీ దొరకలేదు, అని గట్టిగా చెబుతుంది. చదివేవాళ్లకు తెలుస్తుంది, పేజీ నడిపేవాళ్ల లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) నమోదవుతుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. లంగరు లేకపోతే ఇవేవీ జరగవు. సర్వర్ లెక్కలో ఆ లింకు చక్కగా పనిచేసినట్టే, ఎందుకంటే అడిగిన పేజీని అది ఇచ్చింది. తెగిన లింకులను పట్టుకునే సాఫ్ట్‌వేర్లలో కూడా చాలావాటికి పేజీ ఉందా లేదా అని చూడటమే అలవాటు. లోపలి లంగరు దాకా వెళ్లి చూడమని విడిగా చెబితే తప్ప చూడవు. పైగా చదివేవాళ్లు ఫిర్యాదు చేయరు. పేజీ తెరుచుకుంది కదా, నాకే సరిగ్గా కనబడలేదేమో అనుకుని కిందికీ పైకీ వెతుక్కుంటారు, లేదా వదిలేస్తారు.

హ్యాష్ తర్వాతి భాగానికి ప్రమాణాలు కూడా చాలాకాలం పూర్తి హోదా ఇవ్వలేదు. 1994లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1738 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం దాన్ని చిరునామాలో భాగంగా లెక్కపెట్టలేదు, పక్కన తగిలించే తోకగానే చూసింది. 2005 జనవరిలో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3986 దాన్ని చిరునామాలో ఒక అంగంగా చేర్చి, ఫ్రాగ్మెంట్ అన్న పేరును ఖాయం చేసింది.

మధ్యలో ఈ తోకను వేరే పనికి వాడుకున్న రోజులు కూడా ఉన్నాయి. సర్వర్‌ను కదిలించకుండా చిరునామా మార్చగలిగే చోటు అదొక్కటే కావడంతో, 2010 ప్రాంతంలో ట్విట్టర్ వంటి సైట్లు # పక్కన ఆశ్చర్యార్థకం పెట్టి, తమ పేజీల అసలు చిరునామా మొత్తాన్నీ దాని వెనుక దాచాయి. బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ నడవకపోతే ఆ లింకుకు అర్థమే ఉండేది కాదు. ట్విట్టర్ 2012లో దాన్ని వదులుకుంది. అలాంటి పేజీలను చదవడానికి గూగుల్ 2009లో ప్రతిపాదించిన ఏర్పాటును 2015లో తానే పక్కన పెట్టింది. గది నంబరు రాసే చోట ఊరి పేరు రాస్తే ఏమవుతుందో అదే అయింది.

శీర్షిక మారింది, లంగరు తెగింది

ఒకసారి ఒక పెద్ద మాన్యువల్‌కు మెరుగులు దిద్దే పని నా మీద పడింది. అందులో 'తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు' అన్న శీర్షిక సాగదీసినట్టు అనిపించి, 'ఇబ్బందులు, పరిష్కారాలు' అని మార్చాను. మార్చినందుకు సంతోషించాను కూడా. ఆ మాన్యువల్‌ను వెబ్ పేజీగా మార్చే సాఫ్ట్‌వేర్ శీర్షికలోని మాటలతోనే ఐడీలు తయారుచేస్తుందన్న సంగతి నాకు తెలుసు. తెలిసీ ఆ క్షణంలో తట్టలేదు.

మూడు వారాల తర్వాత, సాయం అడుగుతూ వచ్చే ఈమెయిళ్లు ఎందుకు పెరిగాయని ఎవరో ఆరా తీశారు. ఆ మాన్యువల్ వివరించే ఉత్పత్తిలో ఏదైనా లోపం ఎదురైనప్పుడు తెర మీద కనిపించే సందేశం చివర 'వివరాలకు ఇక్కడ చూడండి' అని ఒక లింకు ఉంటుంది. ఆ లింకు నేను మార్చిన శీర్షిక పాత పేరుకు కట్టి ఉంది. నొక్కినవాళ్లంతా మాన్యువల్ మొదటి పేజీలో, స్వాగత వాక్యం దగ్గర తేలుతున్నారు. లాగ్‌లో ఒక్క లోపమూ లేదు. లింకులు సరిచూసే సాఫ్ట్‌వేర్ అన్నీ సవ్యంగా ఉన్నాయంది.

తప్పు శీర్షిక మార్చడంలో లేదు. శీర్షికలు మారతాయి, మారాలి. శీర్షికనూ చిరునామానూ ఒకే తాడుకు కట్టడంలో ఉంది. శీర్షిక చదివేవాళ్ల కోసం రాసేది. ఎప్పుడు ఎలా బాగుంటే అలా మార్చుకునే హక్కు రచయితది. లంగరు పేరు లింకుల కోసం పెట్టేది. పెట్టాక దాని మీద హక్కు మనది కాదు, దాన్ని ఎక్కడెక్కడో వాడుకున్నవాళ్లది. ఈ రెండిటినీ ఒకటి చేసే సౌకర్యం చూడటానికి ముచ్చటగా ఉంటుంది. చిరునామా చదివితేనే అందులో ఏముందో తెలుస్తుంది కదా అంటారు. నిజమే, శీర్షిక మారేదాకా.

వికీపీడియాలోనూ విభాగాల చిరునామాలు శీర్షిక మాటలతోనే ఏర్పడతాయి. మాటల మధ్య ఖాళీల స్థానంలో కింది గీతలు వస్తాయి. శీర్షిక మార్చితే పాత లింకు వ్యాసం మొదటికి చేరుస్తుంది. అందుకే అనుభవమున్న సంపాదకులు శీర్షిక మార్చేటప్పుడు పాత పేరుతో ఒక యాంకర్ మూసను (కనబడని లంగరు పెట్టే కోడ్ ముక్కను) అక్కడే వదిలిపెడతారు.

అంతకంటే ప్రమాదకరమైనది మరొకటి ఉంది. ఒకే పేజీలో ఒకే శీర్షిక రెండుసార్లు వస్తే ఇలాంటి సాఫ్ట్‌వేర్లు రెండోదానికి చివర ఒక అంకె తగిలిస్తాయి. మొదట్లో రాసిన సంభాషణలో 'మినహాయింపులు' రెండు ఉన్నాయి చూడండి, అక్కడ రెండోదానికి 'మినహాయింపులు_2' అన్న పేరు వస్తుంది. మీరు దానికి లింకు ఇచ్చారు. కొన్నాళ్లకు మరొకరు వీటికంటే ముందు ఇంకో 'మినహాయింపులు' చేర్చారు. ఇప్పుడు మీ రెండోది మూడోది అయింది, పాత మొదటిది రెండోది అయింది. మీ లింకు తెగలేదు, ఠంచనుగా పనిచేస్తూ వేరే గదిలోకి తీసుకెళుతోంది. అక్కడ కూడా 'మినహాయింపులు' అనే రాసి ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నియమాలు, ఒప్పందాల వంటి పత్రాల్లో ఇలా జరిగితే ఎంత పని జరుగుతుందో చెప్పనక్కర్లేదు.

పేజీ నంబర్లను నమ్మనివాళ్లు

ఈ సమస్య కంప్యూటర్లతో పుట్టింది కాదు. చేతిరాత ప్రతుల్లో ఒకరి పదో పేజీ మరొకరికి పదిహేనోది. అందుకే రుగ్వేదంలో ఒక మంత్రాన్ని చెప్పాలంటే మండలం, సూక్తం, రుక్కు సంఖ్యలతో చెబుతారు. నాసదీయ సూక్తం పదో మండలంలో 129వది. ఏ ముద్రణ తెరిచినా అంతే. ఆంధ్ర మహాభారతంలో పద్యాన్ని పర్వం, ఆశ్వాసం, పద్యం సంఖ్యతో చూపడమూ ఇదే పద్ధతి. ప్లేటో రచనలకు 1578లో ఆన్రీ ఎస్తియెన్ వేసిన ముద్రణలోని పేజీ నంబర్లనూ, పేజీలో భాగాలను సూచించే అక్షరాలనూ ఈనాటి అనువాదాలు కూడా అంచుల్లో మోసుకొస్తున్నాయి. ఆ 1578 పుస్తకాన్ని కళ్లతో చూసినవారు తక్కువ. దాని పేజీ నంబర్లు మాత్రం చిరునామాలుగా మిగిలిపోయాయి. పుస్తకం రూపం ఎన్నిసార్లు మారినా గుర్తు మారకూడదన్న ఒప్పందం ఒకటి కుదిరితే నాలుగు వందల ఏళ్లు నిలుస్తుందన్న మాట.

కంప్యూటర్ల విషయంలో దీన్ని ముందే పసిగట్టినవారు అమెరికన్ కంప్యూటర్ పరిశోధకుడు డగ్లస్ ఎంగెల్‌బర్ట్. 1968 డిసెంబరు 9న ఆయన శాన్ ఫ్రాన్సిస్కోలో చేసిన ప్రదర్శనను కంప్యూటర్ మౌస్ కోసం గుర్తుపెట్టుకుంటారు. అందులో చూపిన ఎన్ఎల్ఎస్ వ్యవస్థలో పత్రంలోని ప్రతి పేరాకూ చిరునామా ఉండేది. ఆ పద్ధతి ముదిరాక ఒక్కో పేరాకు రెండు రకాల గుర్తులు ఏర్పడ్డాయి. ఒకటి స్థానాన్ని చెప్పేది. మధ్యలో కొత్త పేరా చేరిస్తే మారిపోతుంది. మరొకటి పేరా పుట్టినప్పుడు ఇచ్చినది. పేరాను ఎక్కడికి జరిపినా, మాటలు మార్చినా దాన్ని వదలదు. ఏది ఎప్పుడు కావాలో చదివేవాళ్లు ఎంచుకోవచ్చు. వెబ్ వచ్చాక ఈ రెండో రకం గుర్తును ప్రతి పేరాకూ ఇవ్వడం ఎవరి మీదా విధిగా పెట్టలేదు. పెట్టి ఉంటే వెబ్ అంత త్వరగా పాకేది కాదేమో. రాసేవాళ్ల ఇష్టానికి వదిలేయడమే వెబ్ బలం, ఈ ఒక్క విషయంలో బలహీనత కూడా.

నీరు, నేరం, నోరు

తెలుగులో శీర్షికలు పెట్టేవాళ్లకు మరో రెండు మూడు తలనొప్పులు అదనం.

మొదటిది పొడవు. వెబ్ చిరునామాలు మొదట రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి. తెలుగు మాటను చిరునామాలో పెడితే, కాపీ చేసేటప్పుడు అది శాతం గుర్తులూ అంకెలూ కలగలిసిన వరుసగా మారిపోతుంది. 'చరిత్ర' అన్న మాట తీసుకుందాం. మన కంటికి మూడక్షరాలు. కంప్యూటర్‌కు చ, ర, గుడి, త, పొల్లు, ర కలిపి ఆరు. అక్షరాలను కంప్యూటర్ దాచుకునే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 18. ఒక్కో బైటుకు చిరునామాలో మూడు గుర్తులు, మొత్తం 54. మూడు మాటల శీర్షికకు లింకు పంపితే అవతలివాళ్లకు ఏదో వైరస్ పంపినట్టు కనిపిస్తుంది. లింకు పనిచేస్తుంది, చూడటానికే భయంకరం.

రెండోది ఇంకా వింతైనది. శీర్షికలోంచి ఐడీ తయారుచేసేటప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు 'అక్షరాలు, అంకెలు ఉంచు, మిగతావి తీసెయ్' అన్న సూత్రం పాటిస్తాయి. అక్షరం అంటే ఏమిటన్నదే ప్రశ్న. జావాస్క్రిప్ట్‌లో తరచుగా వాడే సూత్రానికి ఇంగ్లిష్ అక్షరాలే అక్షరాలు. తెలుగు శీర్షిక మొత్తం మాయమై, ఐడీ ఖాళీగానో వట్టి అడ్డగీతలుగానో మిగులుతుంది. పైథాన్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో అదే సూత్రం తెలుగు హల్లులను అక్షరాలుగా ఒప్పుకుంటుంది, గుణింతాల గుర్తులను, పొల్లును, సున్నను మాత్రం ఒప్పుకోదు. అప్పుడు 'చరిత్ర' కాస్తా 'చరతర' అవుతుంది. 'నీరు' నుంచి దీర్ఘమూ కొమ్మూ రాలిపోతే 'నర' మిగులుతుంది. 'నేరం' కూడా 'నర'. 'నోరు', 'నూరు', 'నారు' అన్నీ 'నర'లే. ఒకే పత్రంలో నీటి గురించి ఒక విభాగం, నేరాల గురించి ఒక విభాగం ఉంటే రెండూ ఒకే తలుపు నంబరుతో పోట్లాడుకుంటాయి. సాఫ్ట్‌వేర్ రెండోదానికి అంకె తగిలించి చేతులు దులుపుకుంటుంది. పైన చెప్పిన అంకెల గొడవ మళ్లీ మొదలు.

మూడోది కంటికి కనిపించదు. 'బ్రౌజర్' లాంటి పొల్లుతో ముగిసే మాటలు టైపు చేసేటప్పుడు కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత వెడల్పు లేని ఒక గుర్తును చేరుస్తాయి, తర్వాతి అక్షరంతో ఒత్తుగా అతుక్కుపోకుండా. మాట చివర అది ఉన్నా లేకున్నా తెర మీద తేడా ఉండదు. కానీ లంగరు పేరులో అది ఉండి లింకులో లేకపోతే రెండూ వేర్వేరు పేర్లు. రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని గంటసేపు చూసినా తప్పెక్కడో దొరకదు.

అందుకే తెలుగు పత్రమైనా సరే, ఐడీని మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, పొట్టిగా, చేత్తో రాయమంటాను. ఇది భాషాభిమానానికి సంబంధించిన విషయం కాదు. శీర్షిక తెలుగులోనే ఉంటుంది. తలుపు వెనుక ఉండే తాళం నంబరు ఏ లిపిలో ఉంటే ఏమిటి?

వెబ్ పేజీ కాని పత్రాల్లో

పీడీఎఫ్‌కు కూడా గది నంబర్లున్నాయి. చిరునామా చివర # పెట్టి, ఇంగ్లిష్‌లో పేజీ అన్న మాట, సమాన గుర్తు, పేజీ అంకె రాస్తే బ్రౌజర్లలోని పీడీఎఫ్ వీక్షకాలు నేరుగా ఆ పేజీ తెరుస్తాయి. ఇక్కడ అందరూ ఒక చోట బోల్తా పడతారు. ఆ అంకె ఫైలులో ఎన్నో పేజీ అన్నది, కాగితం మీద అచ్చయిన అంకె కాదు. ముందు అట్ట, ముందుమాట, విషయసూచిక కలిపి 16 పేజీలుంటే, పుస్తకంలో 12 అని అచ్చయిన పేజీ ఫైలులో 28వది. మీరు 12 అని పంపిస్తే అవతలివాళ్లకు ముందుమాట కనిపిస్తుంది. పీడీఎఫ్‌లో పేరున్న లంగర్లు కూడా పెట్టవచ్చు, అవి పేజీలు మారినా తట్టుకుంటాయి. పెట్టేవాళ్లే అరుదు.

వర్డ్‌లో వీటిని బుక్‌మార్కులంటారు. విషయసూచికను వర్డే తయారుచేసినప్పుడు ప్రతి శీర్షికకూ తెర వెనుక ఒక దాచిన బుక్‌మార్కు పెడుతుంది. విషయసూచికలో నొక్కితే అక్కడికి వెళ్లేది దాని వల్లనే. గూగుల్ డాక్స్ పద్ధతి నాకు వీటన్నిటికంటే నచ్చుతుంది. శీర్షికకు లింకు తీసుకుంటే చిరునామాలో అర్థంలేని అక్షరాల గుంపు వస్తుంది, శీర్షిక మాటలు రావు. చూడటానికి బాగుండదు. కానీ శీర్షికలో ఏ మాట మార్చినా లింకు అక్కడికే వెళుతుంది. శీర్షికను తీసేసి మళ్లీ కొత్తగా టైపు చేస్తే మాత్రం అది కొత్త శీర్షికే, పాత గుర్తు పోతుంది.

ఒక చిన్న చిట్కా, చదివేవాళ్ల కోసం. ఏ పేజీలోనైనా భాగానికి లింకు కావాలంటే ముందు విషయసూచిక ఉందేమో చూడండి. అందులో నొక్కి, పైన మారిన చిరునామాను కాపీ చేసుకోండి. శీర్షిక పక్కన మౌస్ పెడితే చిన్న గొలుసు బొమ్మ కనిపించే ఏర్పాటు కొన్ని చోట్ల ఉంటుంది. ఫోనులో మౌస్ ఉండదు కాబట్టి ఆ బొమ్మ ఉందని కూడా తెలియదు. దాన్ని ఎప్పుడూ కనిపించేలా పెట్టడానికి ఏం అడ్డమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

లంగరు లేకపోయినా

రాసేవాళ్లు ఐడీలు పెట్టకపోతే? చాలాకాలం దీనికి జవాబు లేదు. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80తో ఒక కొత్త పద్ధతి వచ్చింది. లింకులో లంగరు పేరుకు బదులు పేజీలోని వాక్యాన్నే రాయవచ్చు. బ్రౌజర్ ఆ మాటలను వెతికి, అక్కడికి జరిపి, వాటికి రంగు వేసి చూపిస్తుంది. సఫారీ 2022లో, ఫైర్‌ఫాక్స్ 2024 అక్టోబరులో దీన్ని చేర్చుకున్నాయి. క్రోమ్‌లో వాక్యాన్ని ఎంచుకుని మెనూ తెరిస్తే దానికి లింకు కాపీ చేసే ఎంపిక ఉంటుంది. మాటలు పేజీలో పలుచోట్ల వస్తే, దానికి ముందూ వెనుకా ఉన్న మాటలు కూడా చేర్చి ఏది కావాలో చెప్పవచ్చు.

ఇది మాటను పూర్తిగానే సరిపోల్చుతుంది, సగం మాటను ఒప్పుకోదు. పేజీలో 'నిబంధనలకు' అని ఉంటే 'నిబంధన' అని ఇచ్చిన లింకు దొరకదు. విభక్తులు మాటకే అతుక్కునే మన భాషలో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. ఇలా కఠినంగా పెట్టడానికి కారణం గోప్యత. మీకు మాత్రమే కనిపించే పేజీకి, ఉదాహరణకు మీ వైద్య నివేదికకు, ఎవరో ఒక జబ్బు పేరు తగిలించి లింకు పంపారనుకోండి. మీరు నొక్కాక పేజీ కిందికి జరిగిందో లేదో వాళ్లు ఏదోరకంగా కనిపెట్టగలిగితే, ఆ మాట మీ నివేదికలో ఉందో లేదో తెలిసిపోతుంది. అందుకే మాట ముక్కలతో వెతకనివ్వరు, మీరు స్వయంగా నొక్కితే తప్ప జరపరు. ఈ భయంతోనే బ్రేవ్ బ్రౌజర్ ఇది వచ్చిన తొలినాళ్లలో దీన్ని ఆపి ఉంచింది.

నా మాటగా చెప్పాలంటే, ఇతరుల పేజీని ఈ రోజు ఒకరికి చూపించడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. సొంత పత్రంలో శాశ్వతమైన లింకులకు వాడటం మాత్రం తెలివైన పని కాదు. శీర్షిక మారితే తెగే లింకు ఒక ఎత్తు, ఒక్క అచ్చుతప్పు దిద్దితే తెగే లింకు ఇంకో ఎత్తు.

గుమ్మం దాకా వచ్చి

లంగరు ఉంది, పేరు సరిపోయింది, అయినా చదివేవాళ్లకు శీర్షిక కనిపించదు. పేజీ పైభాగంలో కదలకుండా అతుక్కుని ఉండే పట్టీ దాన్ని కప్పేస్తుంది. బ్రౌజర్ లంగరును తెర పై అంచుకు తెచ్చింది; పట్టీ దాని మీద కూర్చుంది. పేజీ రూపాన్ని నిర్ణయించే భాష సీఎస్ఎస్‌లో లంగరుకు పైన కొంత ఖాళీ వదలమని చెప్పే ఒక్క వాక్యంతో ఇది పోతుంది. అయినా పెద్ద పెద్ద సైట్లలో రోజూ చూస్తాను. బొమ్మలు ఆలస్యంగా వచ్చి, అప్పటికే చేరుకున్న చోటును కిందికి తోసేయడం ఇంకో రకం. బొమ్మల కొలతలు ముందే చెబితే ఖాళీ చోటు సిద్ధంగా ఉంటుంది. ముడుచుకుని ఉన్న భాగం లోపల లంగరు ఉంటే కొత్త బ్రౌజర్లు దాన్ని తెరిచి చూపుతాయి, ఆ ముడతను ప్రామాణిక ట్యాగుతో చేసి ఉంటేనే.

అన్నిటికంటే కష్టమైనది ఒక పేజీని పలు పేజీలుగా విడగొట్టడం. పొడవైన మాన్యువల్‌ను అధ్యాయాలుగా చీల్చారు. పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్త చోటుకు మళ్లించమని సర్వర్‌కు చెప్పవచ్చు. కానీ వాళ్లు ఏ గదికి వచ్చారో సర్వర్‌కు తెలియదు, తోక దాని దాకా రాదు కదా. అందరినీ ఒకే చోటికి పంపుతుంది. బ్రౌజర్ ఆ తోకను కొత్త చిరునామాకు కూడా తగిలించుకుని వెళ్లి, అక్కడ లేని గదిని వెతుకుతుంది. దీనికి ఉన్న మార్గం ఒకటే. పాత పేజీ స్థానంలో చిన్న జావాస్క్రిప్ట్ పట్టిక ఉంచాలి: ఈ లంగరు అడిగితే ఈ అధ్యాయానికి, ఆ లంగరు అడిగితే ఆ అధ్యాయానికి అని. తయారుచేయడానికి ఒక పూట పడుతుంది. విసుగు పుట్టించే పని కాబట్టి ఎవరూ చేయరు.

నేను శీర్షిక మార్చి చిక్కుల్లో పడ్డ ఆ మాన్యువల్‌లో అదే శీర్షిక తర్వాత మరో రెండుసార్లు మారింది. ఇప్పుడు దాని పైన మూడు ఖాళీ లంగర్లు వరుసగా ఉన్నాయి, మూడు పాత పేర్లతో. పేజీలో అవి కనిపించవు. ఫైలు తెరిచినవాళ్లకు మాత్రం వాటి పక్కన ఒక వ్యాఖ్య కనిపిస్తుంది: "ఇవి దేనికో తెలియకపోయినా తీయవద్దు. తీసే ముందు నన్ను అడగండి."